తెరుచుకోని అక్షరాలు

"తప్పు చేసినవాళ్లనే కనిపెడతారా అండీ, తప్పు చెయ్యలేదని కూడా కనిపెడతారా?"

గురువారం ఉదయం పదిన్నరకు నందిగామలో డిటెక్టివ్ ప్రమీలారాణి ఆఫీసు మెట్లెక్కి వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి అడిగిన మాట ఇది. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయి. బయట చినుకులు ఆగి పావుగంటైనా గొడుగు మడవడం మరిచిపోయింది. తెరిచిన గొడుగుతో లోపలికి రాబోయి తలుపులో ఇరుక్కుంది.

"గొడుగు ఇటివ్వమ్మా," అంటూ అసిస్టెంటు ఫ్రాన్సిస్ లేచాడు. "మా మేడమ్ ఏదైనా కనిపెడతారు. చొక్కా చూసి, పొద్దున ఏం టిఫిన్ తిన్నారో చెప్పేస్తారు."

ఫ్రాన్సిస్ చొక్కా చూస్తే ఆ సంగతి ఎవరైనా చెప్పగలరు. ఇరవై ఏళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి వచ్చిన అతనికి లోకంలో ఇద్దరంటేనే గురి: పైనున్న దేవుడు, ఎదురుగా కూర్చున్న ప్రమీలారాణి. ఆవిడ జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు ఫిజిక్సు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, విత్తనాల కొట్టు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు కట్టినప్పుడు ఊళ్లో సగం మంది నవ్వారు. ఏడాది తిరక్కుండా ఆ సగం మందీ పెళ్లికొడుకుల వాకబు కోసం ఆవిడ దగ్గరికే వచ్చారు.

"కూర్చోండి," అంది ప్రమీలారాణి. "మీరు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తారు కదూ?"

వచ్చినావిడ నోరు తెరిచింది. ఫ్రాన్సిస్ ముఖం వెలిగిపోయింది.

"గోళ్ల చుట్టూ ఆకుపచ్చ మందు ఎండిపోయి ఉంది. కుడి అరచేతిలో కాయలు కాశాయి, అవి రంగు తోసే స్క్వీజీ పిడి పట్టి లాగినవి. ఇందులో గొప్పేం లేదు. సంగతి చెప్పండి."

ఆమె పేరు జాయిస్. జగ్గయ్యపేట. భర్త పల్లెటూరి బడిలో టీచరు. ఆమె, స్నేహితురాలు లహరి కలిసి లహరి వాళ్లింట్లో ఒక గదిలో ఆరేళ్లుగా స్క్రీన్ ప్రింటింగ్ చేస్తున్నారు. శుభలేఖల కవర్లు, గుడ్డసంచులు, టీషర్టులు. ఈ ఆదివారం జగ్గయ్యపేటలో అమ్మాయిల కబడ్డీ పోటీలున్నాయి. నాలుగు జట్లకు నలభై ఎనిమిది జెర్సీలు, ఒక్కోదాని మీద ఆడే పిల్ల పేరుతో సహా వెయ్యాలి.

"మా పని ఎట్లా ఉంటదో చెప్తానండి. చెక్క ఫ్రేముకి సన్న జాలీ బట్ట బిగించి, దాని మీద ఎమల్షన్ మందు పూస్తాం. అది వెలుతురు తగిల్తే గట్టిపడిపోద్ది. అందుకని చీకటి గదిలో రాత్రంతా ఆరబెడతాం. పొద్దున నల్ల అక్షరాలున్న ఫిల్ము దాని మీద పెట్టి ఎండ చూపిస్తాం. అక్షరం నీడ పడిన చోట మందు మెత్తగానే ఉంటది. నీళ్లు కొడితే కరిగి, అక్షరం తెరుచుకుంటది. అందులోంచే రంగు దిగుద్ది."

"ఇప్పుడు తెరుచుకోవడం లేదు."

"ఒక్క అక్షరం కూడా తెరుచుకోలేదండి! ఆదివారం రాత్రి పూశాం, సోమవారం పొద్దున చూస్తే మొత్తం రాయి. మంగళవారం రాత్రి పూసినవీ అంతే. నిన్న రాత్రి పూసినవీ అంతే. అంటే ఎండలో పెట్టకముందే వెలుతురు తగిలిందన్నమాట. ఎవరో తలుపు తీశారు."

"తాళం?"

"తాళానికి రెండు చెవులు. ఒకటి లహరి దగ్గరుంటది, ఒకటి నా దగ్గర." జాయిస్ ఖాళీ అరచెయ్యి చూపించింది. "ఇవాళ పొద్దున నా చెవి అడిగి తీసేసుకుందండి. ఒక్క మాట అనలేదు. అనుంటే పోట్లాడేదాన్ని. చెయ్యి చాపింది, అంతే."

"మిమ్మల్నే ఎందుకనుకున్నట్టు?"

"ఫ్లెక్సీల షాపు నవీన్‌బాబు గారు నన్ను తన దగ్గర ఉద్యోగానికి రమ్మన్నారు. నేను వద్దన్నాను. లహరికి ఆ కబురు ఎవరో చేరవేశారు, నేను వద్దన్న సంగతి మాత్రం చేరవెయ్యలేదు. ఆర్డరు పోతే ఇంకోటొస్తదండి. కానీ లహరి నన్ను దొంగని చూసినట్టు చూస్తే నేను ఆ వీధిలోకి మళ్లీ పోలేను. నేను కాదని దానికి తెలిస్తే చాలు."

ఫ్రాన్సిస్ ప్రమీలారాణి చెవి దగ్గర వంగి, "నవీన్‌బాబే మేడమ్, అనుమానం లేదు," అన్నాడు. అతను ప్రతి కేసులోనూ మొదటి పది నిమిషాల్లో ఒకరిని పట్టేసుకుంటాడు. ఇప్పటిదాకా ఒక్కటీ నిజం కాలేదు, అయినా ఉత్సాహం తగ్గలేదు.

"బస్సుకి పద," అంది ప్రమీలారాణి.

* * *

జగ్గయ్యపేటలో లహరి ఇల్లు ఊరి చివర రోడ్డు పక్కన ఉంది. భర్త రాంబాబు పదిహేను రోజులుగా ట్రైనింగు మీద హైదరాబాదులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది లహరి, అత్త దుర్గాంబ, మామ సాంబయ్య. జాయిస్ లోపలికి రాకుండా గేటు బయటే ఆగిపోయింది.

అరవై ఎనిమిదేళ్ల సాంబయ్య వరండాలో నవారు మంచం మీదనుంచి లేచి, వచ్చినవాళ్లకు కుర్చీలు తనే వేశాడు. మొలతాడుకి చారెడు తాళంచెవుల గుత్తి కట్టుకున్నాడు. దుర్గాంబ కాఫీ పెడతానంటే ఆ గుత్తిలోంచి ఒక చెవి వెతికి అలమర తీసి, పంచదార డబ్బా అందించి, మళ్లీ తాళం వేశాడు.

"ఈయనకి తాళాల పిచ్చమ్మా," అంది దుర్గాంబ. "కొట్టుకెళ్తే కూరగాయలు మర్చిపోతాడు గానీ తాళంకప్ప మర్చిపోడు."

లహరి బయటికొచ్చింది. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. గేటు వైపు చూడకుండా ఉండడానికి ఆమె పడుతున్న అవస్థ చూస్తే, అటే చూస్తోందని ఎవరికైనా తెలిసిపోతుంది.

"జాయిసే పిలుచుకొచ్చిందా మిమ్మల్ని?" అంది.

"ఆవిడే. మీకభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం? చూసుకోండి."

ఆ గది ఒకప్పుడు మిరపకాయల బస్తాలు వేసుకునే కొట్టు. బస్తాలు పోయి ఆరేళ్లయినా ఘాటు పోలేదు. ఫ్రాన్సిస్ గడపలోనే తుమ్మడం మొదలుపెట్టి, పదకొండు దాకా లెక్కపెట్టుకుని, రుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. కిటికీకి నల్లరేకు కొట్టేశారు. పైన ఒక్కటే చిన్న పసుపు బల్బు వెలుగుతోంది.

"ఈ బల్బు వెలుతురు తగిలితే?" అని అడిగింది ప్రమీలారాణి.

"పసుపుకి ఏం కాదండి. రోజంతా దీని కిందే పని చేస్తాం. తెల్ల లైటూ, ఎండా తగలకూడదు. ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పా, ఈ గది తలుపు ముట్టుకోవద్దని."

"మందే పాడైందేమో?"

"అదీ చూశానండి. సోమవారం మధ్యాహ్నం చిన్న ఫ్రేముకి ఇదే మందు పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, నాలుగింటికి ఎండ చూపించా. అక్షరాలు చక్కగా వచ్చాయి. పగలైతే బానే ఉంటంది. రాత్రి వదిలేస్తేనే పోతంది."

గోడకి పాత ఫ్రేములు వేలాడుతున్నాయి. వాటి మీద అక్కడక్కడా ఆవగింజంత చుక్కలు, ఒక్కొక్కటీ బ్రష్షుతో పూడ్చినట్టున్నాయి. అవేమిటని ప్రమీలారాణి అడిగింది.

"పురుగులండి. వానాకాలం వస్తే రెక్కల పురుగులూ దోమలూ తడి మందు మీద పడి అంటుకుపోతాయి. దులిపితే అక్కడ చిల్లు. రోజూ కూర్చుని పూడ్చుకోవాలి. ప్రాణం విసిగిపోయి అన్నం తినేటప్పుడు కూడా వాటినే తిట్టుకునేదాన్ని."

ప్రమీలారాణి ఈ వారం పాడైన ఫ్రేములు ఒక్కొక్కటీ పసుపు బల్బు దగ్గరికి పట్టి చూసింది. నున్నగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. ఆమె ఏమీ అనలేదు, ఫ్రాన్సిస్ మాత్రం పుస్తకంలో రాసుకున్నాడు. మేడమ్ ఏమీ అనకపోతే రాసుకోవాలని అతనికి తెలుసు.

నిన్న రాత్రి పూసిన నాలుగింటిలో పొద్దున ఎండలో పెట్టింది ఒక్కటే. మిగతా మూడూ పూసిన చోటే తూర్పు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి ముందు ఒక స్టూలు, స్టూలు మీద ఎమల్షన్ డబ్బా.

"ఇవి కదిలించారా?"

"లేదండి. పొద్దున మొదటిది పోయాక చేతులాడలేదు."

"స్టూలు వెనకున్న ఫ్రేమును ఇప్పుడే కడగండి. ఎండా వద్దు, ఫిల్మూ వద్దు. ఉత్త నీళ్లు."

వెలుతురు తగలని మందు నీళ్లు కొడితే మొత్తం కరిగిపోవాలి. లహరి గది మూల తొట్టి దగ్గర పైపు పట్టింది. మందు కరగలేదు. రెండు నిమిషాలు గడిచాక ఒక్కచోట మాత్రం జారడం మొదలైంది. జారి జారి, జాలీ మధ్యలో ఒక ఆకారం తెరుచుకుంది. లహరి చేతిలో పైపు అట్లాగే ఉండిపోయింది. ఆ ఆకారం ఎమల్షన్ డబ్బాది. కింద స్టూలు పలక అంచు కూడా ఉంది.

"మీ మందు ఫొటో తీసిందమ్మా," అంది ప్రమీలారాణి. "దీపానికీ ఫ్రేముకీ మధ్య డబ్బా అడ్డమొచ్చింది. దాని నీడ పడినంత మేర మందు మెత్తగా ఉండిపోయింది. ఫ్రాన్సిస్, దారం."

ఫ్రేమును మళ్లీ గోడకి ఎలా ఉందో అలా పెట్టించింది. ఫ్రేము మీద నీడ పై అంచు దగ్గర దారం ఒక కొస పట్టుకోమని లహరికిచ్చింది. దారాన్ని డబ్బా మూతకి తగిలేలా లాగుతూ తిన్నగా వెనక్కి నడవమని ఫ్రాన్సిస్‌కి చెప్పింది. నీడ డబ్బాకన్నా ఎత్తులో ఉంది, అందుకని దారం వెనక్కి పోయేకొద్దీ కిందికి దిగింది. స్టూలు అంచునుంచి రెండో దారం లాగారు. రెండూ పడమటి మూలలో, మోకాలి ఎత్తున, ఏమీ లేని చోట కలిశాయి. ఫ్రాన్సిస్ ఆ చోట వేలు పెట్టి, అక్కడ దొంగ కూర్చుని ఉన్నట్టే చూశాడు.

"తలుపు ఉత్తరాన ఉంది," అంది ప్రమీలారాణి. "కిటికీ దక్షిణాన ఉంది. వెలుతురు వచ్చింది పడమటినుంచి. ఆ గోడకి కనీసం ప్లగ్గు కూడా లేదు."

ఆమె వంగి నేల చూసింది. దారాలు కలిసిన చోటుకి సరిగ్గా కింద మూడు చోట్ల రూపాయి బిళ్లంత నల్లమట్టి ఎండి ఉంది. చుట్టూ సన్నని రెక్కలు కొన్ని రాలి ఉన్నాయి.

* * *

వరండాలో కాఫీ చల్లారిపోతోంది. ప్రమీలారాణి సాంబయ్య పక్కన కూర్చుంది.

"పొలం ఎక్కడండీ మీది?"

"పెనుగంచిప్రోలు దగ్గరమ్మా. నాలుగెకరాల పత్తి. నల్లరేగడి. వానపడితే కాలు పెడితే చెప్పు రాదు."

"ఈ ఏడు పురుగెలా ఉంది?"

సాంబయ్యకి హుషారొచ్చింది. "పురుగుని మందు కొట్టి చంపేది పాతపద్ధతమ్మా. నేను దీపపు ఎరలు పెట్టా, ఎకరానికొకటి. సోలార్‌వి. చీకటిపడగానే వాటంతటవే వెలుగుతాయి. రెక్కల పురుగు ఆ దీపానికొచ్చి కింద తొట్లో పడిపోద్ది. మా కోడలమ్మాయి కూడా పురుగులతో తెగ బాధపడేది..." ఆయన ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంతకీ గదిలో చూశారుగా, ఈమధ్య పురుగులు తగ్గాయంటారా?"

"బాగా తగ్గాయి."

సాంబయ్య మీసం సవరించుకున్నాడు. "అమ్మాయి గమనించిందో లేదో," అన్నాడు.

"గది తలుపు ఎవరైనా తియ్యడం చూశారా?"

"పగలు ఆ తలుపు వైపు ఈగని కూడా పోనివ్వనమ్మా. నేనిక్కడే మంచం మీదుంటాగా."

అక్కడినుంచి నవీన్‌బాబు షాపుకి వెళ్లారు. ఫ్రాన్సిస్ అతన్ని పైనుంచి కిందిదాకా కొలిచినట్టు చూశాడు. నవీన్‌బాబు మాత్రం ఇద్దరికీ సోడాలు తెప్పించి, నిష్పూచీగా నవ్వాడు.

"జాయిస్‌ని రమ్మన్న మాట నిజమేనండి. నిమిషంలో వద్దంది. ఆ జెర్సీ గుడ్డ మీద నా మిషను అస్సలు వెయ్యలేదు. వాళ్లు చెయ్యకపోతే ఆర్డరు విజయవాడ పోద్ది, నాకు రాదు. పైగా ఆ జట్లలో ఒకదాంట్లో మా అన్నకూతురు యశస్విని ఉంది. జెర్సీ రాకపోతే నన్నే తంతది."

ఫ్రాన్సిస్ సోడా తాగేసి, పుస్తకంలో ఒక పేరు కొట్టేశాడు.

తిరిగి లహరి ఇంటికొచ్చి, నందిగామ బస్సెక్కేముందు ప్రమీలారాణి ఆమెను పక్కకి పిలిచింది. "ఇప్పుడే ఫ్రేములకి మందు పూసి ఫ్యాను కింద ఆరబెట్టండి. సాయంత్రానికి ఆరగానే నల్లబట్టలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టెయ్యండి. గోడకి పాడైన ఫ్రేములే ఆనించండి. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. రేపు పొద్దున పదకొండింటికి అందరూ వరండాలో ఉండాలి. జాయిస్ కూడా."

"ఆవిడెందుకు?" అంది లహరి. అని, గేటు వైపు ఓరగా చూసి, "గేటు దగ్గర ఎండలో నిలబడింది వచ్చినప్పటినుంచి. మంచినీళ్లు తాగిందో లేదో," అంది. ఫ్రాన్సిస్ సీసా పట్టుకుని గేటు వైపు వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫ్రాన్సిస్ ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్లి, సాంబయ్య పత్తిచేలో అడుగుతీసి అడుగు వెయ్యడానికి పావుగంట పెనుగులాడి, ఫోను చేశాడు.

"మూడే ఉన్నాయి మేడమ్! మూడు కాళ్ల స్టాండ్ల మీద మూడు దీపాలు. నాలుగో చోట మూడు గుంటలే మిగిలాయి. దీపం లేదు. నా ఎడమ చెప్పు కూడా లేదు."

* * *

శుక్రవారం పదకొండు గంటలకు వరండాలో అందరూ చేరారు. లహరి ఈ చివర, జాయిస్ ఆ చివర. మధ్యలో దుర్గాంబ, సాంబయ్య, నవీన్‌బాబు. కొత్త చెప్పులతో ఫ్రాన్సిస్ గోడవారగా నిలబడ్డాడు. ప్రమీలారాణి క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది.

"ముందు ఒకటి చెప్పేస్తాను. ఈ పని జాయిస్ చెయ్యలేదు."

జాయిస్ తల వంచుకుంది. కన్నీళ్లు ఒళ్లో పడ్డాయి.

"తాళంచెవి జాయిస్ దగ్గరుందని లహరి గారు అనుమానపడ్డారు. కానీ ఆలోచించండి. ఈ మందు పాడుచెయ్యాలనుకునే మనిషికి ఎంత పని? పట్టపగలు తలుపు బార్లా తీసి రెండు నిమిషాలు నిలబడితే చాలు. అట్లా చేస్తే వెలుతురు ఉత్తరంనుంచి రావాలి. వచ్చింది పడమటినుంచి, మోకాలి ఎత్తునుంచి. గది లోపలే, ప్లగ్గు అక్కర్లేని దీపం ఒకటి రాత్రంతా వెలిగింది. ఎవరో దాన్ని మోసుకొచ్చి పెట్టి, తెల్లారకముందే తీసుకుపోయారు. మూడు రాత్రులు! పాడుచేసేవాడు ఇంత శ్రమపడడు. మేలు చెయ్యాలనుకున్నవాడే పడతాడు."

సాంబయ్య మంచం మీద కొంచెం కదిలాడు.

"ఇక పురుగుల సంగతి. వానాకాలంలో ప్రతి ఫ్రేముకీ నాలుగైదు పురుగులు అంటుకునేవి. పాడైన ఫ్రేముల మీద ఒక్కటి కూడా లేదు. దీపం ఉన్నచోట పురుగు రాకుండా పోదు, వచ్చింది. వచ్చి ఫ్రేము మీద వాలకుండా ఇంకెక్కడో పడింది. నేల మీద రెక్కలు రాలాయి, పత్తిచేల నల్లమట్టి మూడు కాళ్ల గుర్తులు పడ్డాయి. చేలో నాలుగు దీపపు ఎరలుండాలి, మూడే ఉన్నాయి. సాంబయ్య గారూ, తాళంకప్ప కొన్నది మీరే కదూ? కొత్త తాళానికి చెవులెన్నిచ్చారు?"

సాంబయ్య చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి వెళ్లింది.

"మూడు," అన్నాడు. "ఇంట్లో ప్రతి తాళానికీ ఒకటి నా దగ్గర ఉంచుకోవడం అలవాటమ్మా..." అప్పుడాయనకి పూర్తిగా అర్థమైంది. ముఖం పాలిపోయింది. "అయితే నా దీపం వల్లనా? కాదమ్మా! అది రంగు దీపం. ఊదారంగు. గుడ్డిగా వెలుగుద్ది. గదిలో అమ్మాయి పెట్టుకుంది కూడా రంగు బల్బేగా! పగటి వెలుతురు పడకూడదనే, చీకటిపడ్డాకే తలుపు తీశా, తెల్లారకముందే తీసేశా. ఎంత జాగ్రత్తగా చేశాననుకున్నారు!"

"అందుకే మీ మీద మీకు అనుమానం రాలేదు," అంది ప్రమీలారాణి. "రంగులన్నీ ఒకటి కాదండీ. పసుపు మెత్తనిది, ఈ మందుని ఏమీ చెయ్యదు. ఊదా గట్టిది. కంటికి గుడ్డిగా కనిపించినా ఎండలో ఉండే గుణం దానికుంటుంది. ఆ గుణం కోసమే పురుగులు దాని దగ్గరికొస్తాయి. పురుగుకి ఏ వెలుతురు ఇష్టమో, ఈ మందుకీ అదే ఇష్టం."

దుర్గాంబ లేచి నిలబడింది. "తెల్లారకముందే లేచి గోనెసంచిలో చుట్టి ఎండకని డాబా మీదికి మోసుకుపోయింది ఇదా? నేను విత్తనాలనుకున్నా! ఏవయ్యా, ఈ ఇల్లేవన్నా పత్తిచేనా?"

నవీన్‌బాబు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. సాంబయ్య మాత్రం నవ్వలేదు. మంచం దిగి వరండా ఆ చివరికి నడిచి, జాయిస్ ముందు నిలబడ్డాడు.

"అన్నం దగ్గర అమ్మాయి పురుగుల్ని తిట్టుకుంటే మనసాగక చేశానమ్మా. దాని కష్టం తీరాక చెప్పి మెప్పు పొందుదామనుకున్నా. మాట నీ మీదికొచ్చినప్పుడైనా గదిలోకి వెళ్లానని ఒప్పుకోవాల్సింది. అమ్మాయి తిడుతుందని భయపడి నోరు మూసుకున్నా. తప్పు నాది."

"అయ్యో బాబాయ్ గారూ, ఊరుకోండి," అంది జాయిస్. "పురుగులు నన్నూ కుట్టాయి. మీ దీపం నాకూ పెట్టినట్టే."

అందరూ నవ్వారు, లహరి తప్ప. లహరి జాయిస్ ఎదురుగా వచ్చి నిలబడింది. నిన్న చాపిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర కొంగులో దాచుకుంది.

"తాళంచెవి వల్ల కాదే నిన్ను అనుమానించింది," అంది. "నువ్వు నవీన్‌బాబు గారి దగ్గరికి వెళ్లిపోతావని భయమేసింది. ఎట్లాగూ పోయేదానివైతే, తప్పు నీదే అయితే బాగుండుననిపించింది. నా మీద నాకు అసహ్యమేస్తోంది జాయిస్."

"వద్దని ఆ రోజే చెప్పేశా."

"నాకు చెప్పలేదుగా?"

"నువ్వు అడగలేదుగా? అడుగుతావేమోనని వారం రోజులు చూశా. నువ్వు అడక్కుండా మందు కలుపుకుంటా కూచున్నావు."

"నువ్వు చెప్తావేమోనని చూస్తా కలిపా. అందుకే ఆ వారం మందంతా ఉండలు కట్టింది."

జాయిస్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి కాసేపు అట్లాగే ఉన్నారు. ఫ్రాన్సిస్ రుమాలు తీశాడు. మిరపకాయ ఘాటు ఇక్కడిదాకా వస్తోందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"లహరి గారూ," అంది ప్రమీలారాణి, "ట్రంకుపెట్టెలో నాలుగు ఫ్రేములున్నాయి. ఎండ కూడా బాగా కాస్తోంది. ఆదివారానికి ఎన్ని గంటలుందో చూసుకున్నారా?"

ఆ మాటతో వరండా ఒక్కసారి కదిలింది. నల్లబట్టలో చుట్టిన మొదటి ఫ్రేమును జాయిస్ మోసుకొచ్చింది. లహరి పసుపు బల్బు కింద ఫిల్ము అతికించింది. పైన గాజుపలక పెట్టి పెరట్లోకి తీసుకొచ్చి, ఎండకి తిప్పి పట్టుకున్నారు. దుర్గాంబ గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. మబ్బొస్తే చెప్పమని సాంబయ్యను గేటు దగ్గర నిలబెట్టారు. ఆకాశంలో మబ్బు లేకపోయినా ఆయన కళ్లు దించలేదు.

తొట్టి దగ్గర జాయిస్ పైపు పట్టింది. మొదటి నిమిషం ఏమీ జరగలేదు. వరసగా మూడుసార్లు రాయి చూసినవాళ్లు కాబట్టి ఇద్దరూ ఫ్రేము మీదికి వంగారు. లహరి వేలి కొసతో ఒకచోట మెల్లగా రుద్దింది. ఒక అంచు జారింది. అక్కడినుంచి నీళ్లు లోపలికి దూరాయి, తెల్లటి జాలీ బయటపడింది. చూస్తుండగానే "య" తెరుచుకుంది. "శ" తెరుచుకుంది. పక్క వరసలో ఇంకో పేరు, దాని కింద మరో పేరు. పన్నెండు మంది పిల్లల పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి కళ్లు విప్పాయి.

"మా యశస్విని!" అని నవీన్‌బాబు కేకపెట్టాడు. ఫ్రాన్సిస్ చప్పట్లు కొట్టాడు. గేటు దగ్గరనుంచి సాంబయ్య, "వచ్చాయా? వచ్చాయా?" అని అరుస్తున్నాడు.

జాయిస్ పైపు పక్కన పెట్టి ఫ్రేమును ఎండకి ఎత్తి పట్టింది. పేర్లలోంచి వెలుతురు ఇద్దరి ముఖాల మీదా పడింది.

"శనివారం రాత్రికి నలభై ఎనిమిదీ అయిపోతాయా?" అని అడిగింది లహరి.

"నేనిక్కడే పడుకుంటే అయిపోతాయి."

"అత్తయ్యా!" అని లోపలికి కేకేసింది లహరి. "జాయిస్‌కి కూడా ఎసట్లో పోయండి. ఆదివారం దాకా ఇక్కడే ఉంటది."